రెండు చుట్ల మధ్య

తలుపు తీసీ తియ్యగానే
బోరా గాలి ముందు జొరబడింది,
వెనక ఎర్వీనో గారు,
దుప్పట్లో చుట్టిన దీపాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని.
"వెలుగుతూనే ఉంది నెరీనా,
కాస్త మినుకుమంటోంది, అంతే."

ట్రియెస్తెలో ముప్ఫై ఏళ్ళుగా రిపేర్లు చేస్తున్నాను.
"అంతే" అన్న మాటని ఇంతవరకూ నమ్మలేదు.

నల్లటి దీపం. నలభై ఏళ్ళది.
ఓడల కార్ఖానాలో ఆయన నక్షాలు గీసినన్నాళ్ళూ
మోచేతి పక్కనే నిలబడింది.
కొంగ మెడలా వంగే రెండు సన్నటి కడ్డీలు,
కొసన బఠాణీ గింజంత బల్బు.
కడ్డీల లోపల వైరు లేదు.
కడ్డీలే వైర్లు.
ఒకదాంట్లో పోయింది రెండోదాంట్లో తిరిగొస్తుంది.
ఇన్నేళ్ళూ ఆయన పట్టుకుని వంచింది
కరెంటునే.

పట్టుకున్నా ఏమీ కాకూడదనే
అడుగున అంత బరువు పెట్టారు:
ఇనప రేకుల దొంతర, దాని మీద రెండు రాగి చుట్లు.
గోడలోంచి వచ్చిన రెండువందల ముప్ఫై
మొదటి చుట్టలోనే తిరిగి తిరిగి వెళ్ళిపోతుంది.
రెండో చుట్టకి చేరేది దాని వణుకు మాత్రమే,
ఇనుము భుజాన మోసుకొచ్చిన పన్నెండు వోల్టులు.
పక్కపక్క ఇళ్ళ మధ్య గోడలాంటిది.
మాట దాటుతుంది,
మనిషి దాటడు.

పన్నెండు ఒంటి మీద చెయ్యి వెయ్యదు.
అలాగని సాధువూ కాదు.
యాభై వాట్ల బల్బు వెలగాలంటే
నాలుగు ఆంపియర్ల పైనే పారాలి,
కీలు దగ్గర బిగువు తగ్గిందా,
అక్కడే కాలి మసిబారుతుంది.
మినుకు అందుకే. ఐదు నిమిషాల పని.
గరుకు కాగితంతో రుద్ది స్క్రూ బిగించాను.

కొత్త బల్బు గుడ్డతో పట్టుకున్నాను.
వేలి జిడ్డు చాలు,
ఆ వేడికి క్వార్ట్జ్ అక్కడే తెల్లబడి చిట్లుతుంది.
"మామూలు బల్బులా ఇది నల్లబడదేం?" అన్నారాయన.
లోపల రవ్వంత అయోడిన్ ఉంది లెండి,
తీగని వదిలి ఎగిరిన టంగ్‌స్టన్‌ని
గాజుకి అంటనివ్వదు,
బుజ్జగించి మళ్ళీ తీగ మీదే దించుతుంది.
"అయితే దీనికి చావు లేదన్నమాట."
ఉంది. దించేది బయల్దేరిన చోట కాదు.
సన్నబడ్డ చోటు సన్నబడుతూనే ఉంటుంది.

ఆయన నవ్వలేదు.

అలవాటు కొద్దీ అడుగు మూత విప్పాను.
ఫ్యూజు ఉండాల్సిన చోట
చాక్లెట్ వెండికాగితం,
అంచుకి అంచు కలిపిన మడత,
నక్షాలు గీసిన చేతి మడత.
నేనేం అనలేదు.
ఆయన కిటికీలోంచి గాలిని చూస్తున్నారు.

ప్లగ్గు పిన్నుకి ఒక క్లిప్పు,
కడ్డీకి ఒక క్లిప్పు, మెగ్గరు తిప్పాను.
ముల్లు అనంతం దగ్గర ఉండాలి.
జారింది. జారి, నాలుగు లక్షల ఓముల దగ్గర
సిగ్గుపడ్డట్టు ఆగింది.
చుట్ల మధ్య పసుపు కాగితం
సముద్రపు తేమ తాగి తాగి
పాత బిస్కట్టులా పొడి రాలుతోంది.

"పట్టుకుంటే ఏమైనా తెలిసేదా?"

చాలాసేపు దుప్పటి మడతపెట్టారు.
"చీమలు పాకినట్టుండేది. రెండేళ్ళుగా.
రాత్రిళ్ళు, పాదాలు రేడియేటరుకి ఆనించి
దీపం మెడ వంచుకునేటప్పుడు.
వయసనుకున్నాను.
డాక్టరు నరాలకి మాత్రలు రాశాడు,
పూటకి రెండు."

అడక్కుండానే ప్లగ్గు కత్తిరించేశాను.
బుధవారం ఊదినె నుంచి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వస్తుంది,
దాంట్లో రెండు చుట్లకీ వేర్వేరు గదులు,
మధ్య గట్టి ప్లాస్టిక్ గోడ,
అసలైన ఫ్యూజు కూడా.
అందాకా ఈ ఎల్‌ఈడీ తీసుకెళ్ళండి,
చూడ్డానికి బావుండదు గానీ.

వెళ్ళబోతూ ఆగారు.
బల్ల మీద, తోక తెగి పడున్న దీపాన్ని
రెండు కడ్డీలూ కలిపి పట్టుకున్నారు.
"ఏం లేదిప్పుడు," అన్నారు,
చెప్పకుండా ఎవరో ఇల్లు ఖాళీ చేసినట్టు.

రసీదు వెనక ముల్లు ఆగిన అంకె వేసిచ్చాను,
డాక్టరుకి చూపించమని.
మాత్రలు ఆపమని నేను రాయలేదు.
అది నా పని కాదు.